ఎస్పీ రోడ్డులో ఐదు పాత డబ్బాలు, ఒక పాడు డిస్క్

బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొనాలనుకునే ఎంటెక్ వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. కొట్టు పేరు రాయను. కొంచెం తిట్టాల్సింది ఉంది, పైగా ఆ అబ్బాయితో నాకు ఇంకా పనుంది.

మా డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేయడం) కోర్సులో ప్రాజెక్టుకి ముందు ఒక్క పేజీ ప్రపోజల్ ఇవ్వాలి. మీ ప్రశ్న ఏంటి, దేన్ని కొలుస్తారు, ఏ ఫలితం వస్తే మీరనుకున్నది తప్పని ఒప్పుకుంటారు, అంతే. నేనూ మా రూమ్మేటూ మొదట "రాఫ్ట్ కంటే వేగంగా పనిచేసే కొత్త ఆల్గరిథమ్" అని రాసుకుని వెళ్లాం. రాఫ్ట్ అంటే కొన్ని కంప్యూటర్లు ఒక లీడర్‌ని ఎన్నుకుని అన్నీ ఒకే మాట మీద ఉండేలా చేసే పద్ధతి. సార్ చదివి, "12 వారాల్లోనా అమ్మా?" అని కాగితం వెనక్కి ఇచ్చేశారు. తర్వాత క్లౌడ్‌లో మెషీన్లు అద్దెకి తీసుకుని కొలవడం మొదలుపెడితే, అదే టెస్టు పొద్దున ఒకలా, రాత్రి ఒకలా వచ్చేది. తేడా మా కోడ్ వల్లో, పక్కవాళ్ల లోడ్ వల్లో తెలిసే దారి లేదు. అందుకే సొంత డబ్బాలు కొందామనుకున్నాం.

మార్కెట్ మెట్రోలో దిగి నడిచి వెళ్లాం. శనివారం పొద్దున్నే వెళ్లండి, ఆదివారం చాలా కొట్లు మూసే ఉంటాయి. ఆఫీసులు తీసేసిన చిన్న డెస్క్‌టాప్‌లు, లావుపాటి పుస్తకమంత ఉంటాయి, అరల నిండా పేర్చి ఉన్నాయి. కౌంటర్లో ఉన్నది హిందూపురం అబ్బాయి. మా మాట వినగానే తెలుగులోకి దిగిపోయాడు.

"నాలుగు తీస్కో అక్కా, రేటు బాగా తగ్గిస్తా."

"నాలుగు వద్దు తమ్ముడూ. మూడన్నా కావాలి, ఐదన్నా కావాలి."

వాడి బిల్లు పుస్తకం వెనకే లెక్క వేసి చూపించా. పని నడవాలంటే సగానికి మించి బతికుండాలి. మూడుంటే ఒకటి పడిపోయినా మెజారిటీ మిగులుతుంది. నాలుగుంటే మెజారిటీకి మూడు కావాలి, అక్కడా ఒకటి పోయేదాకానే తట్టుకుంటాం. ఐదైతే రెండు పోయినా పని ఆగదు. వాడు శ్రద్ధగా విని, "అయితే నాలుగోది ఊరికే ఇచ్చినా తీసుకోవా?" అన్నాడు. బేరం ఆడి ఆడి ఐదూ 31,000కి తెచ్చుకున్నాం.

ఇక తిట్లు. ఐదింటికి ఇచ్చిన అడాప్టర్లలో ఒకదాని పిన్నే వేరు. ఒకదానికి పాత ఆఫీసు వాళ్లు పెట్టిన బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అలాగే ఉంది. అక్కడే ఆన్ చేయించి చూశాను కాబట్టి సరిపోయింది, ఇంటికొచ్చాక చూసుంటే మళ్లీ మెట్రో ఎక్కాల్సిందే. వారం రోజుల గ్యారంటీ అని బిల్లు మీద పెన్నుతో రాసిచ్చాడు, అది కూడా అడిగితేనే.

అసలు గొడవ ఐదో డబ్బాతో. నాలుగింట్లో ఎస్ఎస్‌డీ ఉంటే దీంట్లో హార్డ్ డిస్క్ ఉంది. రాఫ్ట్ మీద నడిచే ఈటీసీడీ అనే డేటాబేస్ ఎక్కించి నడిపితే, ఇది లీడర్ అయినప్పుడల్లా హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని మిగతావాటికి పంపే కబురు) టైముకి పంపలేకపోతున్నా, డిస్క్ నెమ్మదేమో చూడండి అని లాగ్‌లో ఒకటే గోల. స్మార్ట్ రిపోర్టు (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) తీసి చూస్తే 31,000 గంటలు తిరిగిన డిస్క్, అంటే ఆపకుండా మూడున్నరేళ్లు. ఎఫ్‌సింక్‌లు (రాసిన డేటాని నిజంగా డిస్క్ మీదకి చేర్చడం) నూటికి 99 సార్లు 10 మిల్లీసెకన్లలోపు అయిపోవాలని ఈటీసీడీ వాళ్ల సలహా. మాది కాసేపు 20 దగ్గర బుద్ధిగా ఉండి, ఉన్నట్టుండి 700కి ఎగిరేది.

రెండ్రోజులు విసుక్కున్నాక రూమ్మేటే అంది, ఇదే ప్రశ్న కదా అని. ఈటీసీడీలో మామూలుగా హార్ట్‌బీట్ 100 మిల్లీసెకన్లకోసారి, ఎన్నిక టైమౌట్ 1000. లీడర్ చచ్చిపోయి ఆ 1000 దాటినా హార్ట్‌బీట్ రాకపోతే మిగతావి కొత్త లీడర్ కోసం ఎన్నిక పెట్టుకుంటాయి. చావకుండా 700 దగ్గర ఈడుస్తుంటే ఎవరూ అవిశ్వాసం పెట్టరు, పదవీ పోదు, పనీ జరగదు. ఎంత నెమ్మది దాకా ఇలా కుర్చీ పట్టుకుని కూర్చుంటుందో కొలుద్దామని ప్రపోజల్ మార్చి రాశాం. లినక్స్‌లో డిస్క్‌ని కావాలని ఆలస్యం చేయించే డీఎం-డిలేతో నకిలీ నెమ్మది పెట్టొచ్చు కదా అని సార్ అడిగారు. అదీ పెడుతున్నాం, కానీ అది గడియారంలా ఒకే ఆలస్యం ఇస్తుంది. పాత డిస్క్ అలా కాదు, పది నిమిషాలు బాగుండి మొండికేస్తుంది. రెండూ పక్కపక్కన కొలవమన్నారు.

గ్యారంటీ వారం దాటకముందే కొట్టుకెళ్లాం. అబ్బాయి మారు మాట్లాడకుండా ఎస్ఎస్‌డీ వేసిచ్చాడు, దానికి పూర్తి మార్కులు. పాత డిస్క్ చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపి, 150 రూపాయలకి మళ్లీ కొనుక్కున్నా. కాసేపు నన్నే చూసి, కౌంటర్ కింద వెతికి, "ఇంకో రెండున్నాయక్కా, ఒకటి గరగరమంటాది. కావల్నా?" అన్నాడు.

కొట్టుకి నా మార్కులు ఐదుకి మూడున్నర. అడాప్టర్ పిన్నులు సరిచూసుకోండి.