యూరప్‌లో చవకైన బస: డార్మ్ బెడ్డా, రాత్రి ప్రయాణమా, ఊరి బయట గదా?

బ్యాగు భుజానేసుకుని యూరప్ వెళ్లేవాళ్లు బుకింగ్ సైట్‌లో ముందు చూసేది రాత్రికి ఎన్ని యూరోలని. నేనైతే ఆ అంకెను రెండోసారి చూస్తాను. అక్కడికి చేరడానికెంత, తిండికెంత, మర్నాడు సామాను ఎక్కడ పెట్టాలి అన్నవి కలిపితేనే ఏది చవకో తేలుతుంది.

ఆ లెక్కన నా ఓటు హాస్టల్ డార్మ్‌కే, వంటగది ఉంటేనే సుమా. ఆరుగురో ఎనిమిది మందో పడుకునే గదిలో ఒక బంక్ బెడ్, అంతే. కానీ యూరప్‌లో జేబు ఖాళీ అయ్యేది రెస్టారెంట్లలో, అందులోనూ శాకాహారులకి. సూపర్‌మార్కెట్లో బియ్యం, పెరుగు, నాలుగు కూరగాయలు తెచ్చి వండుకుంటే రెండు పూటలు గడిచిపోతాయి. ఇంటి నుంచి కందిపొడి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్ (ఈయూ) బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. పార్టీలకు పేరుపడ్డ కొన్ని పెద్ద హాస్టళ్లలో వంటగదే ఉండదు, కాబట్టి బుక్ చేసేముందు చూసుకోండి. తువ్వాలు, తాళం మీవే ఉంటే వాటి అద్దె మిగులుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో టూరిస్ట్ ట్యాక్స్ 12.5 శాతం. సైట్‌లో కనిపించే ధరలో అది కలిసి ఉందో లేదో చూడాలి. ఇక బీరు పండుగ ఆక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో మ్యూనిక్‌లో డార్మ్ బెడ్ కూడా చవకగా దొరకదు.

రాత్రి బస్సెక్కితే ఒక రాత్రి అద్దె మిగులుతుందన్నది అందరూ చెప్పే చిట్కా. నాకు నమ్మకం లేదు. అక్కడి బస్సుల్లో మన హైదరాబాద్–విజయవాడ స్లీపర్లలా బెర్తులు దాదాపు ఉండవు, సీట్లో కూర్చునే తెల్లవారాలి. అయిదింటికి దిగితే హాస్టల్‌లో మంచం చాలాచోట్ల మధ్యాహ్నం రెండు, మూడు దాటాకే ఇస్తారు. ఈలోపు కాఫీలకీ టిఫిన్‌కీ పెట్టేది, నిద్రలేక పాడయ్యే రోజు కలిపితే మిగిలింది ఏమంత ఉండదు.

రాత్రి రైలు సంగతి వేరు. ఆస్ట్రియా రైల్వే వాళ్ల నైట్‌జెట్‌లో సీటు, కూషెట్, స్లీపర్ అని మూడు తరగతులున్నాయి. కూషెట్ అంటే మన థర్డ్ ఏసీ లాంటి బెర్తు. వియన్నా–రోమ్ లాంటి దూరానికి పగలంతా రైల్లో కూర్చోవడం తప్పుతుంది, పడుకునే వెళ్తాం. చాలా దేశాల రైళ్లకి పనికొచ్చే యూరేల్ పాస్ ఉన్నా బెర్తుకి విడిగా రిజర్వేషన్ డబ్బు కట్టాలి. సీటు చవకని ఆశపడితే మళ్లీ బస్సు కథే.

ఊరి బయట గది తీసుకోవడం లాభమా నష్టమా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. వెనిస్‌నే చూడండి. 2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో, రాత్రి బస చేయకుండా చూసి వెళ్లేవాళ్లు ప్రవేశ రుసుము కట్టాలి. దగ్గర్లోని మరో ఊరు పాదువాలో గది తీసుకుని వచ్చేవాళ్లకి అది పడుతుంది, పైగా రోజూ రానూపోనూ రైలు టికెట్టు. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడ బస చేస్తే రుసుము లేదు, ఆన్‌లైన్‌లో మినహాయింపు నమోదు చేసుకుంటే చాలు. రైల్లో పది నిమిషాల దూరం. రెంటిలో మెస్త్రేనే మేలు.

ఉచిత బసల్లో, అక్కడివాళ్ల ఇళ్లలో ఉండేందుకు కలిపే కౌచ్‌సర్ఫింగ్ పేరు అందరికీ తెలుసు. 2020 నుంచి చాలా దేశాల్లో దానికీ సభ్యత్వ రుసుము వచ్చింది. మనకి అసలు చిక్కు షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. బస ఎక్కడో కాగితం చూపించాలి. ఫ్రాన్స్‌లో ఒకరింట్లో ఉంటామంటే ఆ ఇంటివాళ్లు మున్సిపల్ ఆఫీసుకెళ్లి, 30 యూరోల స్టాంపు కట్టి పత్రం తేవాలి. ముక్కూమొహం తెలియనివాళ్లని అంత పని అడగలేం. వర్క్‌అవే పద్ధతిలో రోజుకి నాలుగైదు గంటలు పనిచేసి తిండి, పడక పొందడం వినడానికి బాగుంటుంది కానీ, టూరిస్ట్ వీసా మీద పని చేయకూడదు. డబ్బు చేతికి రాకపోయినా సరిహద్దు అధికారి దాన్ని పనిగానే లెక్కేయొచ్చు. ఆ వీసా మీద వెళ్లేవాళ్లకి దీన్ని నేను సిఫారసు చేయను.

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా తెలిస్తే వాళ్ల గదికి వెళ్లొచ్చు. అతిథుల్ని ఎన్నాళ్లు ఉండనిస్తారో ముందే అడగండి, స్టూడెంట్ హాస్టళ్లలో దానికి నిబంధనలుంటాయి. రెండు రాత్రులకి మించి ఉండకండి. సరుకులు మీరే కొని, పప్పూ చారూ మీరే వండిపెట్టండి.