గ్లూకోమీటరా, సెన్సరా: టైప్ 2 షుగర్‌లో ఏది ఎవరికి?

ఖర్చు: మీటరుకి స్ట్రిప్పులు, సూదులు చాలు. సెన్సర్‌ని (చర్మానికి అతికించుకుంటే రాత్రీపగలూ షుగర్ చూపిస్తూ ఉండే చిన్న పరికరం) సాధారణంగా 10–15 రోజులకోసారి మార్చాలి, ఖర్చు ఎక్కువ.

శ్రమ: మీటరుకి ప్రతిసారీ వేలు గుచ్చుకోవాలి. సెన్సర్ చేతికి అతికించుకుంటే చాలు. నిద్రలో షుగర్ పడిపోతే చాలా రకాలు అలారం మోగిస్తాయి.

మనసు: అసలు తేడా ఇక్కడే. తిన్న గంటకు సెన్సర్‌లో 170 కనబడగానే కంగారుపడి రాత్రి భోజనం మానేసేవారున్నారు. పాపం, తిన్నాక 180 లోపు ఉంటే చాలామందికి అది లక్ష్యంలోనే ఉన్నట్టు! మీటరుతో ఈ టెన్షన్ తక్కువ. కానీ అంకె ఎక్కువొస్తే తిట్లు పడతాయని పరీక్షే మానేసేవారూ ఉన్నారు.

ఇన్సులిన్ వాడుతూ తరచూ లో షుగర్ అయ్యేవారికి సెన్సర్ మేలు. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర)తో నిలకడగా ఉన్నవారికి మీటరు, డాక్టరు చెప్పినప్పుడు హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) సరిపోతాయి. అంకె చూస్తేనే గుండె దడ వచ్చేవారు ఏదైనా కొనేముందు ఆ భయం సంగతి డాక్టరుకి చెప్పండి.