కొమ్ము కాలిన వాసనను ఓర్చుకున్న ఇల్లు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ము పని, అంటే గేదె కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేయడం, నేర్చుకోవాలని వచ్చి, ఉండడానికి చోటు దొరకక తిరిగేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. విశాఖలో శిల్పకళ చదువుతూ ఎనిమిది నెలలు ఇక్కడ గడిపాను. అందులో ఏడున్నర నెలలు ఈ పనిగదిలోనే. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో, మహేంద్రతనయ ఏటికి దగ్గరగా ఉన్న పల్లెలో, పాత ధాన్యం కొట్టును బాగుచేసి అద్దెకిస్తున్నారు. నెలకు 4,500 రూపాయలు. కరెంటు ఖర్చు వేరు. రెండు పూటలా భోజనం కావాలంటే మరో 3,000.

మిగతా పదిహేను రోజులు ఎక్కడున్నానో ముందు చెప్పాలి. మొదట ఊళ్ళోనే మేడ మీద ఒక గది తీసుకున్నాను. గోడలకు కొత్త రంగులు, చక్కటి పలకల నేల. పని గురించి ముందే చెప్పాను, వాళ్ళూ సరేనన్నారు. కానీ మూడో రోజు కుంపటి రాజేసి గేదె కొమ్మును వేడి చేయగానే కింది వాటా నుంచి కేకలు మొదలయ్యాయి. కొమ్ము, గోరు, వెంట్రుక మూడూ కెరటిన్ అనే ఒకే పదార్థం. కాస్త ఎక్కువ కాలితే జుట్టు అంటుకున్న వాసనే వస్తుంది. రెండు వారాలకు ఖాళీ చేయమన్నారు. బయానా తిరిగి ఇవ్వలేదు. ఆ డబ్బు కన్నా, చేసే పనిని తప్పుపనిలా చూడడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే ఈ ఇంటి యజమాని అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అద్దె సంగతి తరవాత. ముందు ఒక కొమ్ము కాల్చి చూపించమ్మా" అన్నారు. పెరట్లో కుంపటి పెట్టాను. యజమాని దంపతులు, అంటే నేను పిలిచే బాబాయిగారు, పిన్నిగారు, అరుగు మీద కూర్చుని వాసన చూశారు. కాసేపటికి పిన్నిగారు లేచి వచ్చి, గాలి ఏటి వైపు పోయే చోటు చూపించి, కుంపటి అక్కడికి జరపమన్నారు. మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి కూర్చుని, "ఇప్పుడు రావడం లేదు" అని తాళం చేతికిచ్చారు. ఆ తరవాత నేను అక్కడున్నన్నాళ్ళూ వాసన గురించి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

గది పద్దెనిమిది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. పెంకుల కప్పు, సిమెంటు నేల, ఉత్తరం వైపు ఒక కిటికీ. ఉదయం వెలుతురు బాగుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక పనసచెట్టు నీడ పడి గది మసకబారుతుంది. నల్లటి కొమ్ము మీద సన్నని గీత గీయాలంటే ఆ వెలుతురు చాలదు. ఈ మాట చెప్పిన వారంలోనే బాబాయిగారు కప్పులో రెండు చోట్ల గాజు పెంకులు వేయించారు. వాటి ఖర్చు అద్దెలో కలపలేదు.

పనికి ఈ గది ఎందుకు నప్పిందో వివరంగా చెబుతాను. కొమ్ము మొన దగ్గర నిండుగా ఉంటుంది, మొదలు దగ్గర బోలుగా ఉంటుంది. నిండు భాగంలో కొంగను చెక్కుతాం. కొమ్ముకు సహజంగా ఉన్న వంపే కొంగ మెడ అవుతుంది. బోలు భాగాన్ని నిలువుగా కోసి, వేడి చేసి, విప్పి, పలకగా అణచి దువ్వెనలు చేస్తాం. వేడి తగ్గితే కొమ్ము మళ్ళీ బిగుసుకుంటుంది కాబట్టి కుంపటి మీద నుంచి తీసిన వెంటనే బరువు కింద పెట్టాలి. ఇక్కడ పెరటి కుంపటి నుంచి గదిలో బరువు దగ్గరికి ఆరే అడుగులు. పట్టకారుతో తీసుకుని లోపలికి వచ్చేలోపు చల్లారదు. బరువుకు పిన్నిగారు వాడకం మానేసిన తిరగలి రాళ్ళు ఇచ్చారు. పెరట్లో పడి ఉన్న చింత మొద్దును బాబాయిగారు లోపలికి దొర్లించి, దాని మీద కొమ్మును కదలకుండా పట్టి ఉంచే నా బిగింపు యంత్రాన్ని మరలతో బిగించారు. ఆకురాయి ఎంత గట్టిగా తోసినా ఆ మొద్దు కదల్లేదు. ఏ కళాశాల పనిశాలలోనూ నాకు ఇంత నిలకడైన ఆధారం దొరకలేదు.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది చెమ్మ. జూలై నుంచి పడమటి గోడ తడి ఆరదు. కొమ్ము తేమను పీల్చుకుంటుంది, అణచిన పలక తన పాత వంపు వైపు తిరుగుతుంది. ఆగస్టులో గోడ పక్కన పేర్చిన పదకొండు దువ్వెన పలకలు వంకర తిరిగాయి. నెలన్నర శ్రమ అది. ఆ గోడకు దూరంగా అటక మీద, బట్టలో చుట్టి పెట్టుకోవాలని అప్పుడు తెలుసుకున్నాను. వానాకాలంలో వచ్చేవారు ఈ ఒక్క మాట మరవకండి. మెరుగు పట్టే మోటారు వాడేవారికి సాయంత్రం ఏడు తరవాత వోల్టేజి సరిపోదు, ఆ పని పగలే ముగించుకోవాలి. బోరు నీళ్ళు ఉదయం మాత్రమే వస్తాయి. స్నానాల గది పెరటి చివర ఉంది, రాత్రి దీపం తీసుకుని వెళ్ళాలి. పైకప్పు పంకా ఉందిగాని, ఆకురాయి పట్టేటప్పుడు వేస్తే పొడి కళ్ళల్లోకి లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పంకా ఆపి, తలుపులు తీసి పని చేయండి.

భోజనం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. పప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ కలిపి వండే దాల్మా వారంలో మూడు సార్లైనా ఉంటుంది. ఎండాకాలం ఉదయం పఖాళ, అంటే మన చద్దన్నమే, పక్కన కాల్చిన ఎండుచేప, పచ్చిమిరపకాయ. చేపలు తినని రోజు ముందే చెబితే మునగాకు వేపుడు చేసి పెడతారు.

భాష విషయంలో భయపడనక్కరలేదు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినా ఊళ్ళో, చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. అయితే నాకు పని నేర్పిన గురువుగారు ఒడియా తప్ప మాట్లాడరు. కొమ్మును శింగ అంటారని, కొంగను బగ, రొయ్యను చింగుడి అంటారని రాత్రి భోజనం దగ్గర పిన్నిగారే నేర్పారు. ఒకరోజు నేను మాటలు పుస్తకంలో రాసుకుంటుంటే బాబాయిగారు గిడుగు రామమూర్తి గారిని తలుచుకున్నారు. ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనులను ఇంటికి పిలిపించుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, సవర వ్యాకరణం రాశారు. ఆ కథ విన్నాక గురువుగారి ముందు తప్పుల ఒడియా మాట్లాడడానికి నాకు సిగ్గు పోయింది. నేను పలికే తీరు సరిదిద్దుతూ ఆయన పని కూడా ఎక్కువ చెప్పసాగారు.

చేరుకోవడం సులువు. విశాఖ నుంచి గుణుపూర్ వెళ్ళే పాసింజరు పర్లాకిమిడిలో ఆగుతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు కోసం వేసిన దారి అది, ఇప్పుడు పెద్ద పట్టాలు. పాతపట్నం దాటాక దిగడానికి సిద్ధంగా ఉంటే చాలు. స్టేషను నుంచి పల్లెకు ఆటో దొరుకుతుంది. బరువైన పనిముట్లు ఉంటే ముందు రోజే ఫోను చేయండి, బాబాయిగారు ఎదురొస్తారు. నా పద్నాలుగు కిలోల బిగింపు యంత్రాన్ని ఆయనే మోసుకొచ్చారు.

గది దసరా తరవాత ఖాళీ. ఒక్కరికే చాలుతుంది, ఇద్దరు పని చేస్తే మోచేతులు తగులుతాయి. చూడడానికి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం నాలుగింటికి వెళ్ళండి, అసలు వెలుతురు ఎంతో అప్పుడే తెలుస్తుంది. వంకర తిరిగిన ఆ పదకొండు పలకలు కిటికీ గూట్లోనే ఉంచి వచ్చాను. కొత్తగా వచ్చేవారు చేయి తిరగడానికి వాడుకోవచ్చని పిన్నిగారికి చెప్పాను.