కాజీపేట పచ్చ షట్టర్ మటన్ దుకాణం: ఒక్క నీళ్ల మార్కు

మా ఇంట్లో మాంసం దుకాణాలకు స్టార్లు ఇవ్వం, నీళ్లు లెక్కపెడతాం. తెచ్చిన ముక్కల్ని ఎన్ని నీళ్లు కడిగితే పొయ్యి ఎక్కించడానికి మనసొప్పుతుందో అదే ఆ దుకాణం మార్కు. మూడు నీళ్లు అడిగే దుకాణాలు ఫాతిమానగర్ చుట్టుపక్కల కావలసినన్ని ఉన్నాయి. ఐదు నీళ్లు కడిగినా లొంగనిది కూడా ఒకటి తగిలింది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈ పచ్చ షట్టర్ దుకాణం మాత్రం ఒక్క నీళ్లది. అదీ మటన్‌కే. చికెన్‌కైతే ఆ ఒక్కటీ అక్కర్లేదని నా లెక్క. ఈ మాట మా అమ్మ ముందు అనకండి.

దుకాణానికి బోర్డు లేదు. షట్టర్‌కు ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయింది, అదే గుర్తు. నేను రైల్వేలో, లోకో షెడ్‌లో పనిచేస్తాను. మా ఆవిడ స్టాఫ్ నర్సు. ఆదివారం ఆమెకు డ్యూటీ పడితే వంట నాది, కాబట్టి కూర తేవడం కూడా నాదే. ఆరేళ్లుగా ఇక్కడే తెస్తున్నాను.

ముందు మొద్దు గురించి చెప్పాలి. చింత మొద్దు. మటన్‌కు ఒకటి, చికెన్‌కు ఒకటి, రెండూ వేరువేరు. ఒక గిరాకీకి కొట్టడం అయిపోగానే కత్తి అడ్డంగా పట్టి మొద్దును గీకుతాడు. గీకిన తుక్కు కింద డబ్బాలో పడుతుంది. గంటకోసారి రాళ్ల ఉప్పు చల్లి రుద్దుతాడు. ఇది చాదస్తం కాదు. మొద్దు గీకని చోట కొట్టించుకుంటే చెక్క పొట్టు, నిన్నటి కొవ్వు, ముందు గిరాకీ బొక్కల పొడి, అన్నీ మన ముక్కలకు అంటుకుని వస్తాయి. అప్పుడు కడగక చస్తామా?

రెండోది చెయ్యి. బొక్క మీద రెండు మూడు దెబ్బలు పడితే అది చితికి సన్నని పెంకులు లేస్తాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ పెంకులతో ఎంత టెన్షనో తిన్నవాళ్లకే తెలుసు. ఈయన ఒక్క వేటుకు తెంపుతాడు. నల్లి బొక్కను కూడా అంతే, మూలుగు జారకుండా. కిలో మటన్‌లో నాకు మహా అయితే రెండు మూడు పెంకులు దొరుకుతాయి. ఆ ఒక్క నీళ్లు వాటి కోసమే. ఆదివారం ఎనిమిది దాటితే మాత్రం ఆయన తమ్ముడు కూర్చుంటాడు. అప్పుడు రెండు నీళ్లు.

చికెన్ వైపు నేను చూసేది తొట్టి. చాలా దుకాణాల్లో తోలు తీసిన కోడిని ఒక తొట్టిలో ముంచి తీస్తారు. పొద్దున్నుంచి ఎన్ని కోళ్లు మునిగాయో ఆ నీళ్ల రంగే చెప్తుంది. ఒక కోడి పేగు తెగితే ఆ మురికి తర్వాత వచ్చే కోళ్లన్నిటికీ పంపకమే. ఇక్కడ తొట్టి లేదు, పైపు ఉంది. పేగులు తెగకుండా తీసి పక్క బకెట్‌లో వేస్తాడు, పారే నీళ్ల కింద కోడిని ఒకసారి తిప్పుతాడు, నీళ్లు ఓడ్చి ముక్కలు కొడతాడు. కత్తిని కాలివేళ్ల మధ్య పట్టుకుని కోసే పని కూడా లేదు, పీటకు బిగించి పెట్టుకున్నాడు. దుకాణంలోనే ఇంత జరిగాక ఇంట్లో మళ్లీ ఎందుకు కడగాలన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న మా ఇంట్లో పెద్ద గొడవ. మా అమ్మది పరకాల దగ్గర ఊరు. "మూడు నీళ్లు కడగనిది కూర కూరెట్లయితదిరా?" అంటుంది. ఆమె పద్ధతేమిటంటే, ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, నల్లా నిండుగా తిప్పి, సింక్‌లో గిన్నె పెట్టి గలగలా కడగడం. నీళ్లలో ఎరుపు పోయేదాకా. ఆ ఎరుపు నెత్తురని ఆమె నమ్మకం. నెత్తురు చాలా వరకు కోసినప్పుడే పోతుంది. ముక్కల నుంచి దిగేది కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు. ఎన్ని నీళ్లు పోసినా ఎంతో కొంత దిగుతూనే ఉంటుంది, దాంతోపాటు రుచి కూడా.

మా ఆవిడ వాదన వేరు. కోడి మాంసం మీద సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు, అవి నీళ్లకు చావవు, పసుపుకూ నిమ్మకాయకూ నమ్మకంగా చావవు, మంటకే చస్తాయి. కడిగితే జరిగేదల్లా అవి ముక్క మీది నుంచి సింక్ మీదికి, గట్టు మీదికి మకాం మార్చడమే అంటుంది. అత్తాకోడళ్ల మధ్య నేను చాలాకాలం నోరు మెదపలేదు.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం తేలిపోయింది. అమ్మ ఎప్పటిలాగే పసుపు పట్టించి చికెన్ కడిగింది. సాయంత్రం మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, బట్టల సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి గట్టు తుడుస్తోంది. తుడుస్తుంటే తెల్ల టైల్స్ మీద ఎర్రని చుక్కలు లేచాయి. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కదా, అంతవరకు కంటికి ఆనని పసుపు తుంపరలన్నీ బయటపడ్డాయి. ఆమె నన్ను పిలిచింది. షెడ్‌లో వాడే స్టీల్ టేపు తెచ్చి కొలిచాను. నల్లా నుంచి దూరపు చుక్క 2 అడుగుల 2 అంగుళాలు. ఆ మధ్యలో ఏమున్నాయి? కడిగి బోర్లించిన గ్లాసులు, మంచినీళ్ల కుండ మూత, మధ్యాహ్నం కీరదోసకాయ కోసి పెట్టిన పళ్లెం. ఆ పళ్లెం అంచు మీద కూడా మూడు చుక్కలు. పచ్చిగా తినే కీర అది. అంతకుముందు వారం చిన్నోడికి రెండు రోజులు మోషన్స్ అయ్యాయి. చికెన్ వల్లేనని నేననను, కానీ ఆ చుక్కలు చూశాక కడుపులో తిప్పినట్టయింది.

అమ్మ వచ్చి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నల్లా గట్టిగ తిప్పిన అంతే" అంది.

తప్పంతా నల్లాదే కాదని ఆ రాత్రి నాకూ తెలిసింది. అమెరికా వ్యవసాయ శాఖ 2019లో బయటపెట్టిన ఒక అధ్యయనం గురించి మా ఆవిడ చెప్పింది. కోడి మాంసం కడిగినవాళ్లలో 60 శాతం మంది సింక్‌లో బ్యాక్టీరియా దొరికింది. సింక్ శుభ్రం చేశామనుకున్న తర్వాత కూడా 14 శాతం మంది సింక్‌లలో ఉంది. 26 శాతం మందికి అది పచ్చిగా తినే సలాడ్ ఆకుల దాకా పోయింది. నేను సంబరంగా "చూశావా అమ్మా" అనబోతే, ఆగమంది. కడగనివాళ్లలో కూడా 31 శాతం మంది సలాడ్‌కు ఆ బ్యాక్టీరియా అంటిందట. చేతులు సరిగ్గా కడుక్కోక. "మీరు కూర కవర్ ముట్టిన చేత్తోనే ఫోన్ తీస్తారు, అదే చేత్తో కొత్తిమీర తుంచుతారు," అంది. నిజమే.

కడగొద్దన్న అక్కడి సలహా అక్కడి కోడికి, చల్లబెట్టి ప్యాక్ చేసి వచ్చేదానికి. మనది కళ్ల ముందు కోసి, వెచ్చవెచ్చగా నల్ల కవర్‌లో పడేది. ఈక మొదలు కనిపిస్తే, బొక్క పెంకు తగిలితే తీసెయ్యాల్సిందే. అందుకే ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇది. చికెన్‌ను పళ్లెంలో పరిచి చూస్తాను, ఏదైనా అంటుకుని ఉంటే తడి టిష్యూతో తుడిచేసి ఆ టిష్యూ పారేస్తాను. నేరుగా ఉప్పు, కారం, అల్లంఎల్లిగడ్డ పట్టించడమే. తడి లేని ముక్కకు మసాలా ఎంత బాగా పడుతుందో, నూనెలో వేస్తే ఎంత బాగా వేగుతుందో ఒకసారి చూస్తే మళ్లీ కడగబుద్ధి కాదు. మటన్‌నైతే గిన్నెలో ముందే నింపిన నీళ్లలో మెల్లగా కదిపి, పెంకులు అడుక్కు దిగాక ముక్కలు పైకి తీస్తాను. నల్లా తిప్పను. పక్కన పళ్లేలు, గ్లాసులు ఉంచను. నీళ్లు మెల్లగా వంచి, సింక్ సబ్బుతో తోమి, చేతులు 20 సెకన్లు రుద్దుకున్నాకే కొత్తిమీర జోలికి పోతాను.

కోడి ముక్క లోపల దాకా 74 డిగ్రీల వేడి తగిలితే చాలంటారు. కూర కుతకుతా ఉడికి ముక్క బొక్కను వదిలేసరికి అది ఎప్పుడో దాటిపోతుంది. కుక్కర్‌లో మటన్‌కైతే ఆ బెంగే లేదు, లోపల ఆవిరి 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది నిప్పుల మీద కాల్చే లెగ్ పీసులతో. పైన మాడుతుంది, బొక్క దగ్గర పచ్చి ఉంటుంది.

బోటికి ఈ లెక్కలేవీ వర్తించవు. దాన్ని సున్నం, వేడినీళ్లు పెట్టి ఎన్ని నీళ్లు కడిగినా తక్కువే. ఈ దుకాణంలో బోటి శుభ్రం చేసి ఇవ్వరు, అడిగితే నవ్వుతాడు.

ఇక ఆ ఐదు నీళ్ల సంగతి. ఫోన్‌లో ఆర్డరిస్తే ఇంటికి తెచ్చే ఒక సర్వీసు, పేరొద్దు. మే నెల, మిట్ట మధ్యాహ్నం. ప్యాకెట్‌లో ఐస్ కరిగి గోరువెచ్చని నీళ్లయింది. ముక్కలు జారుతున్నాయి. అమ్మ ఉప్పుతో, పసుపుతో, మజ్జిగతో, ఐదు నీళ్లు కడిగింది. వాసన పోలేదు. నీచు వాసన వేరు, చెడిన వాసన వేరు. రెండోది నీళ్లతో పోదు, పోయినా నమ్మకూడదు. పారేశాం. డబ్బులు సగం వెనక్కి వచ్చాయి.

పచ్చ షట్టర్‌లో నచ్చనివీ ఉన్నాయి. భుజం మీద ఒకటే తువ్వాలు, చేతులకూ కత్తికీ మొహానికీ అదే. నల్ల కవర్ పల్చన, స్కూటీ హుక్కుకు తగిలిస్తే దర్గా కాజీపేట దాటేలోపు కారుతుంది. అందుకే మూత గట్టిగా ఉండే స్టీల్ డబ్బా తీసుకెళ్తాను, ఎండాకాలం అడుగున ఐస్ ముక్కలతో. డబ్బా తూకం తీసేసి తూస్తాడు, మొహం చిట్లించడు. రేటు పక్క దుకాణాల కంటే కిలోకు 20 రూపాయలు ఎక్కువ. స్కానర్ పెట్టినప్పటి నుంచి నోట్లు ముట్టి మళ్లీ ముక్కలు ముట్టడం మాత్రం తగ్గింది. పొద్దున ఆరున్నరకు పోతే వరసలో పది నిమిషాలు, ఏడున్నరకు పోతే అరగంట. నల్లి బొక్క కావాలంటే ముందు రాత్రే చెప్పిపెట్టాలి.

అమ్మ ఇప్పుడు ఒప్పుకున్నట్టే ఉంటుంది. నాకు నైట్ డ్యూటీ, మా ఆవిడకు మార్నింగ్ డ్యూటీ పడిన ఆదివారాలు మాత్రం నేను నిద్రలేచి వంటింట్లోకి వెళ్తే టైల్స్ మీద సన్నగా పసుపు చుక్కలు కనిపిస్తాయి. నేనేమీ అనను. సబ్బు గుడ్డ తీసుకుంటాను.