కరెంటు పోయినా ఆగని ఇంజన్: ఆటోనగర్ పాత సామానుతో కట్టించిన ట్రాలీ జీపు

ఈ బండిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డ్యాష్‌బోర్డు కింద ఉన్న చిన్న నల్ల గుండీ. అది స్టాపర్. దాన్ని లాగితే ఇంజన్ ఆగుతుంది. లాగకపోతే బ్యాటరీ పోయినా, వైరింగ్ కాలినా, లైట్లన్నీ ఆరిపోయినా, ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఫోర్‌వీల్ గురించీ టైర్ల గురించీ ఈ బండ్ల మీద మోజున్నవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. స్టాపర్ గురించి మాత్రం చెప్పాలి.

మాకు తోట్లవల్లూరు వైపు లంక పొలం, అంటే కృష్ణ పాయల మధ్య పొలం ఉంది. పసుపు, అరటి, కంద వేస్తాం. కరకట్ట దిగి, ఇసుకలో పడి, చిన్న పాయ దాటితే గానీ పొలం రాదు. ట్రాక్టరు వెళ్తుంది. కానీ దిగుబడి వేసుకుని మచిలీపట్నం హైవే మీదుగా కానూరు దాకా ట్రాక్టరు మీద రావడం విసుగు. అందుకని పికప్ బాడీతో రిజిస్టరైన పాత మహీంద్రా ఫోర్‌వీల్ జీపు, ఆర్సీ సక్రమంగా ఉన్నదాన్ని కొన్నాను. ఛాసిస్ ఉంచి మిగతావి దాదాపు అన్నీ విజయవాడ ఆటోనగర్ స్క్రాప్ షాపుల్లో ఏరి మార్పించాను. ఇంజన్ యాక్సిడెంట్ బండిలోంచి తీసిన 2523 సీసీ డీఐ (సిలిండర్లోకి నేరుగా డీజిల్ చిమ్మే రకం). గాలి లాగే పొడవాటి గొట్టం ఒక పాత లారీ క్యాబిన్ వెనకది.

సామాను ఏరేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. ముందు హౌసింగు, వెనక హౌసింగు (చక్రాల మధ్య ఇరుసు పెట్టెలు) వేర్వేరు బండ్లవైతే వాటి లోపలి క్రౌన్, పినియన్ అనే రెండు పళ్ళ చక్రాల లెక్క కలవాలి. క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 8 ఉంటే నిష్పత్తి 5.38. 39, 8 ఉంటే 4.88. ముందొకటి, వెనకొకటి పెడితే ఫోర్‌వీల్ వేసిన క్షణం నుంచీ రెండూ ఒకదాన్నొకటి లాగి, ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుని నమిలేస్తాయి. షాపులో నోటిమాట నమ్మొద్దు. కవర్ విప్పించి పళ్ళు లెక్కపెట్టించండి.

ఇక స్టాపర్. మాకు దొరికిన ఇంజన్‌లో డీజిల్ పంపుకి సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే మూత ఉంది. తాళం తిప్పితే కరెంటు వచ్చి డీజిల్ దారి తెరుచుకుంటుంది, కరెంటు తెగితే దారి మూసుకుని ఇంజన్ ఆగిపోతుంది. బండి కట్టిన మేస్త్రీ దాన్ని చూడగానే వద్దన్నాడు. "బాబూ, మీరు నీళ్ళలోకి వెళ్ళే మనిషి. ఇది ఉండకూడదండీ" అని సోలినాయిడ్ లోపలి పిన్ను తీసేసి, పంపుకున్న స్టాప్ లివర్‌కి కేబుల్ కట్టాడు. డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గులో నిప్పురవ్వతో పనిలేదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. పంపుని ఇంజనే తిప్పుకుంటుంది. ఆ సోలినాయిడ్ ఒక్కటీ పక్కకు పోతే, తిరుగుతున్న ఇంజన్‌కి కరెంటుతో సంబంధమే ఉండదు.

మొదట్లో దీని వల్ల నాకు కనిపించిన లాభం ఒకటే. బ్యాటరీ పూర్తిగా చచ్చినా కరకట్ట వాలు మీద బండి వదిలి, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే స్టార్టయ్యేది. అంతకు మించి దీని విలువ తెలిసింది 2024 సెప్టెంబరులో.

ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంక పొలం మునిగిపోయింది. దాని గురించి చేయగలిగింది ఏమీ లేదు. అదే సమయంలో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో ఉండిపోయాయి. మా అక్కావాళ్ళు పాయకాపురంలో ఉంటారు. పై అంతస్తు కాబట్టి ప్రాణభయం లేదు. కానీ అక్క అత్తగారు నడవలేరు, ఆవిడ మందులు అయిపోయాయి. ఫోన్లు కలవడం లేదు.

నీళ్ళు కొంత తీసాయని తెలిశాక నున్న వైపు నుంచి బయల్దేరాను. వెనక పాల ప్యాకెట్లు, మంచినీళ్ళ డబ్బాలు, మందులు. ముందు గ్రిల్లుకి టార్పాలిన్ కట్టాను. లేకపోతే ఫ్యాను నీళ్ళని ఇంజన్ మీదకు చిమ్ముతుంది. ఫోర్‌వీల్ లో గేరు వేసి, మనిషి నడిచే వేగంతో, ఎక్కడా ఆపకుండా పోనిచ్చాను. వీధి మొదట్లో బంపరు దాకా ఉన్న నీళ్ళు మధ్యలోకి వెళ్ళేసరికి ఫుట్‌బోర్డు ఎక్కాయి. నా బ్యాటరీ సీటు కింద ఉంటుంది. చిటపటమని ఒక శబ్దం, కాలిన వాసన, అంతే. హారన్ లేదు, లైట్లు లేవు, మీటర్ల ముళ్ళన్నీ పడిపోయాయి.

ఇంజన్ మాత్రం ఆగలేదు. దాని శబ్దంలో తేడా కూడా రాలేదు. పక్కన రెండు వైపులా తలుపులు సగం మునిగి నిలిచిపోయిన కార్లు, వాటిలో కొత్తవి కూడా ఉన్నాయి. వాటి మధ్యలోంచి అక్క ఇంటి ముందుకు వెళ్ళి నిలబెట్టాను. నిలబెట్టానే గానీ స్టాపర్ ముట్టుకోలేదు. ఆపితే మళ్ళీ సెల్ఫ్ కొట్టడానికి కరెంటు లేదు, పైగా సైలెన్సరు నీళ్ళలో మునిగి ఉంది. లోపల్నుంచి పొగ తోస్తున్నంతసేపే నీళ్ళు ఎక్కకుండా ఉంటాయి. బావ, పక్కింటి కుర్రాళ్ళు కలిసి పెద్దావిడని కుర్చీతో సహా దించి ముందు సీట్లో కూర్చోబెట్టారు. అక్క పై నుంచి "తమ్ముడూ, ఆగిపోదు కదరా?" అని అడుగుతూనే ఉంది. ఆ వీధిలో పాలు, నీళ్ళు పంచినంతసేపూ, తిరిగి నున్న రోడ్డు ఎక్కి, చుట్టూ తిరిగి కానూరు చేరేదాకా అది తిరుగుతూనే ఉంది. ఇంటి దగ్గర వాలు చూసి పెట్టి అప్పుడు లాగాను స్టాపర్. ఆ మేస్త్రీకి నేను ఎంత రుణపడ్డానో డబ్బుల్లో చెప్పలేను.

తర్వాత బిల్లు మాత్రం వచ్చింది. వెనక హౌసింగు ప్లగ్గు విప్పితే ఆయిలు పాలు పోసిన టీ రంగులో కారింది. రోడ్డు మీద పరిగెత్తి వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ళ సందుల్లోంచి, గాలి రంధ్రంలోంచి నీళ్ళు లాక్కుంటుంది. ఇప్పుడు రెండు హౌసింగులకీ గాలి గొట్టాలు క్యాబిన్ ఎత్తుకు తెప్పించాను. డైనమో రీవైండింగ్, వైరింగ్ మొత్తం కొత్తది, కొన్ని నెలలకు చక్రాల బేరింగులు. డ్రమ్ బ్రేకులు తడిస్తే పట్టవు. నీళ్ళు దాటాక బ్రేకు మెల్లగా తొక్కిపట్టి కొంత దూరం నడిపి ఆరబెట్టుకోవాల్సిందే.

ఇన్నాళ్ళ వాడకంలో ఈ ఏర్పాటుకున్న ఇంకో వైపు కూడా చూశాను. ఏం జరిగినా ఆగని ఇంజన్, ఆగాల్సినప్పుడు కూడా తనంతట తాను ఆగదు. ఒక మే నెల మధ్యాహ్నం ఉయ్యూరు దాటాక రేడియేటర్ పైపు చీలి నీళ్ళు పోయాయి. ఎలక్ట్రికల్ టెంపరేచర్ మీటరు ముల్లు కదల్లేదు. పొగ, వాసన వచ్చాకే తెలిసింది. హెడ్ గాస్కెట్ పోయింది. ఆ తర్వాత పాత ట్రాక్టరుది, సన్నటి రాగి గొట్టంతో నేరుగా పనిచేసే మీటరు బిగించాం. ఆయిల్ ప్రెషర్‌కి కూడా అలాంటిదే. ఇంకోసారి పోరంకి బంకు దగ్గర స్టాపర్ కేబులే తుప్పు పట్టి తెగింది. ఇంజన్ ఆగదు, బంకు వాళ్ళు డీజిల్ పోయరు. పక్కకు తీసి, టాప్ గేర్లో పెట్టి బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలితే అప్పుడు ఆగింది. ఇప్పుడు ఒక కేబుల్ ఎప్పుడూ డ్యాష్‌బోర్డులో ఉంటుంది. బండి తెలియని డ్రైవరుకి తాళం ఇవ్వాలంటే నాకు ఈ కారణంగానే టెన్షన్.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అందుకే నేను ఆర్సీలో ఉన్న పికప్ బాడీనే ఉంచాను, ఇంజన్ నంబరు మార్పు రవాణా ఆఫీసులో రాయించాను. ఛాసిస్ ఒకచోట, ఆర్సీ ఒకచోట తెచ్చి కలుపుతామని చెప్పేవాళ్ళు ఉంటారు. ఆ దారిలోకి అస్సలు వెళ్ళొద్దు. ప్రైవేటు బండికి 15 ఏళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, బండిని తీసుకెళ్ళి చూపించాలి.

కొనొచ్చా, కట్టించుకోవచ్చా అంటే, నాకు పనికొచ్చింది. నేనుండేది ఆటోనగర్‌కి దగ్గర్లో. ఏది ఊడినా సాయంత్రానికి బిగించే షెడ్డు, నమ్మకమైన మేస్త్రీ ఉన్నారు. రోజూ నీళ్ళు, ఇసుక తప్పని పొలం ఉంది. హైవే మీద అరవై దాటితే మోత, వేసవిలో క్యాబిన్‌లో వేడి, ఏసీ లేదు. మా ఆవిడ గుంటూరు దాకా కూడా ఇందులో రానంటుంది, ఆవిడ మాట న్యాయమే. వారానికోసారి సరదాగా కొండలెక్కడానికైతే ఇంత ఖర్చు, ఇంత తిరుగుడు పెట్టమని నేను చెప్పలేను. లంకలో సాగు ఉన్నవాళ్ళు అడిగితే మాత్రం, ముందు పంపు చూసి సోలినాయిడ్ ఉందో లేదో కనుక్కోమంటాను.