ఉప్పు బోరు కింద చేను: జిప్సమా, బయోచారా?

ముందు నేలను చూడండి. పైన తెల్లగా ఉప్పు పేరుకుంటే పాల చౌడు. తడిస్తే జిగురై, ఆరితే పెచ్చుకట్టి, పిహెచ్ 8.5 దాటితే కారు చౌడు.

కారు చౌడుకు జిప్సమే మందు. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడదీస్తుంది. తర్వాత నిండుగా నీరు కట్టి, మురుగు కాలువలోకి దింపాలి. కాలువ లేకపోతే ఆ సోడియం వేళ్ల దగ్గరే ఉండిపోతుంది, ఖర్చు దండగ. మోతాదు మట్టి పరీక్షను బట్టే. బోరు నీటిలోనే సోడా ఎక్కువైతే, లీటరు నీటిలో తగ్గించాల్సిన ప్రతి ఒక్క మిల్లీ ఈక్వివలెంట్‌కూ (నీటి పరీక్ష నివేదికలో ఉండే కొలత) ఎకరానికి 5 సెం.మీ. తడికి సుమారు 17 కిలోల శుద్ధ జిప్సమ్ పడుతుంది.

బాపట్ల తీరం లాంటి ఇసుక నేలల్లో కథ వేరు. అక్కడ నీరు నిలవదు. తేమ తగ్గేకొద్దీ ఉప్పు చిక్కబడి మొక్క వాడుతుంది. బయోచార్, అంటే గాలి తక్కువగా తగిలేలా కట్టెను కాల్చి చేసిన బొగ్గు, దాని రంధ్రాలు ఆ తేమను పట్టి ఉంచుతాయి. ఉప్పును మాత్రం మాయం చేయవు! సర్కారు తుమ్మ, పత్తి కట్టెతో కాల్చింది ఎకరానికి 2–4 టన్నులు, పైన 15 సెం.మీ. మట్టిలో కలపాలి. మాగబెట్టని బొగ్గు వేస్తే నత్రజని లాక్కుని పైరు పసుపెక్కుతుంది. పశువుల ఎరువుతో కలిపి నెల మాగబెట్టండి.

చాలామంది చేసే తప్పు, కాలే బొగ్గును అదే ఉప్పు బోరు నీటితో ఆర్పడం. వాన నీరో కాలువ నీరో వాడండి. గుప్పెడు బొగ్గును పదింతల మంచినీటిలో నానబెట్టి ఇసి (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) చూడండి, ఎక్కువొస్తే కడగాల్సిందే. బూడిద ఎక్కువున్న బొగ్గు పిహెచ్ పెంచుతుంది, కారు చౌడులో వేయకపోవడమే మేలు.