కొండవాలుకు మొక్కలు: టెక్కలి వైపు ఒక నర్సరీ

పోడుకు బోడైన కొండల మీద నాటడానికి ఇక్కడి నేరేడు, కానుగ, ఉసిరి మొక్కలు చాలా బాగున్నాయి: 2 అడుగుల ఎత్తు, పెన్సిలంత కాండం, ఎండకు అలవాటుపడ్డ ఆకు. నల్లమద్ది మాత్రం వద్దు. ఏడాది దాటినా చిన్న సంచుల్లోనే ఉంచేశారు, తల్లివేరు అడుగున చుట్టలు తిరిగింది. అది నాటితే మొదట పచ్చగానే కనిపిస్తుంది గానీ, వేరు లోతుకు దిగక తర్వాతి ఎండాకాలాల్లో ఎండిపోతుంది. కొనేముందు ఒక సంచి కోయించి చూడండి.

గోతులు పొడవు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్లు; మేలోనే తవ్వి ఆరనివ్వాలి. నేల బాగా నానాకే నాటాలి. సంచి పూర్తిగా తీసేయాలి, దిగువ వైపు అర్ధచంద్రాకారంలో గట్టు వెయ్యాలి. నీలగిరి చవకే, అయినా తీసుకోకండి. ఆ డబ్బుతో పిట్టలు తిని గింజలు చల్లే నేరేడు ఇంకో పాతిక తెచ్చుకోండి.